ఏం సూది ఏసిన్రు?

అంకీస దాటాక డాంబరు రోడ్డు ఆగిపోతుంది.
అక్కడ బండి దిగి నడవాలి.
సంచిలో టేపు, చేతి తొడుగులు, నమూనా సీసాలు,
మెడలో మరాఠీలో రాసిన నా పేరు:
జాడి సమ్మక్క, ఎం.ఎస్సీ., పర్యావరణ శాస్త్రం.

పొద్దున ఆరింటికి ఫోన్ చేశాడు ఆకుల మొండయ్య,
ఎద్దు చచ్చింది మేడమ్, అని.
మేడమ్ అన్నాడు.
ఎద్దు చస్తే ఇదే ఊరికి
మా తాత బానయ్యనూ పిలిచేవాళ్ళు,
ఆ పిలుపులో పేరు ఉండేది కాదు.

తాతకు తెలిసిన శాస్త్రం ఇది:
తోలు ఒలిచి పక్కకు జరిగితే
ఆకాశంలో మొదట ఒక్క చుక్క,
బీడీ కాలేలోపు ఇరవై,
ఆ తర్వాత చాపలు దులిపినట్టు రెక్కల చప్పుడు.
"అవీ మనమూ ఒక్క బంతిల కూసున్నోళ్ళమే" అని నవ్వేవాడు.
ఆ నవ్వు ఎం.ఎస్సీ. రెండో ఏడు దాకా
నాకు అర్థం కాలేదు.

నాన్న ఆ కత్తిని ప్రాణహితలో పారేశాడు.
అమ్మ పదహారు వేసవులు తునికాకు కట్టలు కట్టి
నన్ను గడ్చిరోలి బస్సెక్కించింది.
చదువంటే మా ఇంట్లో ఒకటే అర్థం,
చచ్చిన గొడ్డుకు దూరంగా వెళ్ళడం.

వెళ్ళాను.
గణాంకాల పేపరు ఒకసారి తప్పాను.
ఒక మధ్యాహ్నం క్లాసులో, తెర మీద కోసిన రాబందు,
మూత్రపిండాల మీద సున్నం పూసినంత తెలుపు.
పశువుకేసిన నొప్పి సూది
పక్షి లోపల ఇలా గడ్డకడుతుందని సారు చెప్తుంటే
నాకు తాత బీడీ గుర్తొచ్చింది,
చివరంటా కాలినా
ఒక్క చుక్క కూడా రాని సాయంత్రాలు.
పైకి చూస్తూ చూస్తూనే పోయాడాయన.
మేం చత్వారం అనుకున్నాం.

బ్యాంకు పరీక్ష రాయమన్నారు. రాశాను, రెండుసార్లు.
మూడో దరఖాస్తు దీనికి:
పదకొండు నెలల ఒప్పందం, పద్దెనిమిది వేలు, పెట్రోలు మనదే.
వాసన తట్టుకోగలవా అని అడిగారు ఇంటర్వ్యూలో.
నేను నవ్వాను. తాత నవ్వు.

అమ్మ నెల రోజులు మాట్లాడలేదు,
"ఇంత సదివి మల్ల గొడ్డు కాడికేనా బిడ్డా"
అన్న ఒక్క మాట తప్ప.
దానికి జవాబు నా థీసిస్‌లో లేదు.

మొండయ్య ఎద్దు తుమ్మ కింద పడుంది,
ఎడమ కన్ను తెరిచి.
ఫారంలో నాలుగో గడి ముందు అడుగుతాను:
"ఏం సూది ఏసిన్రు?"
"మందుల దుకాణపాయన ఇచ్చిండు. ఎర్ర మూత."
సీసా తెమ్మన్నాను. పెంటకుప్పలో వెతికి తెచ్చాడు.
పేరు చదివాను. మళ్ళీ చదివాను.
ఇది పక్షులకు పెట్టకూడదు.
పాతిపెట్టాలి, ఆరడుగులు, ఉప్పు చల్లి.

తవ్వడానికి మనుషులు కావాలి.
అందరూ నా వైపు చూశారు.
ఆ చూపు నాకు తెలుసు,
నా వయసు కంటే చాలా పాతది.

పార తీసి మొండయ్య చేతిలో పెట్టాను.
"ఎద్దు మీది. మీరు తవ్వండి. లోతు నేను కొలుస్తా."
కాసేపు ఎవరూ కదల్లేదు.
తర్వాత మట్టి లేచింది.

గుంత అంచున టేపు పట్టుకుని ఉండగా
పైన, చాలా పైన, ఏదో.
గద్ద కావచ్చు. దుర్భిణి తీసేలోపు
నది దాటి తెలంగాణ వైపు వాలిపోయింది.
రిజిస్టరులో రాశాను: రాబందులు, సున్నా.
పక్కనే, రాయకూడదు గానీ, పెన్సిలుతో
ఒక చుక్క.

ఇంటికొచ్చేసరికి నీళ్ళు కాగుతున్నాయి.
అమ్మ నా చెప్పుల మట్టి చూసింది.
"బొంద ఎవలు తవ్విన్రు?"
"వాళ్ళే."
చెంబు ముంచి, పొయ్యకుండా అట్లాగే పట్టుకుని
ఇంకోసారి అడిగింది,
"నిజంగ?"